ఉప్పు తినే తోడు

నన్ను పనిలోకి తీసుకున్న రోజున ఇందుమతి మేడం అడిగిన ప్రశ్న ఒక్కటే.

"పెరుగు తోడెయ్యడం వచ్చా?"

చదువు గురించి అడుగుతారేమోనని, తొమ్మిదో తరగతి మధ్యలో బడి ఎందుకు మానేశానో చెప్పడానికి దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుంటూ వెళ్ళాను. ఆవిడ ఆ ఊసే ఎత్తలేదు.

"వచ్చండి. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు..."

"గోరువెచ్చగా ఉన్నాయని ఎలా తెలుస్తుంది?"

"చిటికెన వేలు ముంచితే తెలిసిపోద్దండి."

ఆవిడ బల్ల మీదున్న వేడి కొలిచే మీటరు కేసి చూసి నవ్వారు. "నాలుగు నెలలుగా ఇది ఆ ముక్క నాకు చెప్పలేకపోతోంది. రేపట్నుంచి రండి."

మా ఊరు గుల్లలమెరక పక్కన కంపెనీవాళ్ళు గ్యాసు బావులు తవ్వి అప్పటికి మూడేళ్ళు. ఈ గ్యాసు భూమిలో ఒకచోట నిలవుండేది కాదట. పలకరాయి పొరల్లో ఇరుక్కుని ఉంటుందట. ఆ రాయిని చిట్లగొట్టడానికి నీళ్ళూ, ఇసకా, ఏవేవో మందులూ కలిపి రెండు మైళ్ళ లోతుకి తోస్తారు. గ్యాసు పైకొస్తుంది. దాని వెనకే ఆ నీళ్ళూ వస్తాయి. వచ్చేటప్పుడు లోపలి ఉప్పంతా పట్టుకొస్తాయి. తిరుగునీరు అంటారు దాన్ని. మా ఆయన నడిపేది ఆ తిరుగునీటి ట్యాంకరే. ఒకసారి పైపు కారి ఆయన చెప్పు తడిస్తే, ఆరాక చెప్పు మీద తెల్లగా పొర కట్టింది. సముద్రం నీళ్ళకి అంత పొర కట్టదు.

ఆ నీటిని ఎక్కడ పొయ్యాలన్నది కంపెనీకి పెద్ద తలనొప్పి. కాలవలో పొయ్యనివ్వరు. సముద్రంలో పొయ్యడానికి వేటకెళ్ళేవాళ్ళు ఒప్పుకోరు. నల్ల ప్లాస్టిక్ పట్టాలు పరిచిన గుంటల్లో నిలవ చేశారు. మొదటి తుఫానుకే గుంటలు పొర్లి ముప్పై ఎకరాల వరి ఎండిపోయింది. అప్పుడొచ్చారు ఇందుమతి మేడం, చిన్న గాజు సీసాలో లేత గులాబీ రంగు ముద్దతో.

ఉప్పుమళ్ళల్లో ఎర్రగా తేలే సూక్ష్మజీవి అది. దానికి ఉప్పంటే ఇష్టం. మేడం ప్రయోగశాలలో ఆ ఆకలిని వెయ్యింతలు పెంచారు. తొట్టెడు తిరుగునీట్లో చెంచాడు కలిపితే మూడు రోజుల్లో నీరంతా గులాబీగా గడ్డకట్టేది. నాలుగో రోజున ఇటుక రంగుకి తిరిగి అడుక్కి దిగిపోయేది. పైన నీరు తేటగా మిగిలేది. ఆ నీటిని మళ్ళీ గ్యాసు బావిలోకే తోసేవారు. మందులు కలిసిన నీరు కనక తాగడానికి పనికిరాదు. ఆ గులాబీ గడ్డ అడుక్కి దిగేలోపు పైనుంచి చెంచాడు తీసి పక్క తొట్టెలో వెయ్యాలి. వేడి సరిపోకపోతే అందుకోదు, ఎక్కువైతే విరిగిపోతుంది. అందుకే మేడం ఇంజనీర్లని మానిపించి మా ఊరి ఆడవాళ్ళని ఆరుగురిని పెట్టుకున్నారు. ఆ సూక్ష్మజీవికి ఆవిడ పెట్టిన పేరు పొడుగ్గా, చివర ఒక నంబరుతో ఉండేది. మేం తోడు అన్నాం. నెల తిరక్కుండా ఆవిడా తోడు అనేశారు.

తొట్టెలుండే షెడ్డులో ఒక్కటే నియమం. బయటికెళ్ళేటప్పుడు పచ్చబిళ్ళ కరిగించిన నీళ్ళతో మోచేతుల దాకా కడుక్కోవాలి. ఆ బిళ్ళ తగిలితే తోడు చచ్చిపోతుంది. వెనకటి రోజుల్లో పిల్లలకి నులిపురుగులు పడితే వాడిన మందేనట అది.

నాకు ప్రతిదానికీ భయం. మొదటి వారమే అడిగాను.

"ఇది బయట పడితే ఏటవుద్దండి?"

"ఏమీ అవదు. తినడానికి ఉప్పు అయిపోగానే చచ్చిపోతుంది," అన్నారు మేడం.

"మనిషి కడుపులోకెళ్తే?"

"కడుపులో పులుపుకి అరగంట కూడా బతకదు. ఎలకల మీద చూశాం."

నా కూతురు లిఖితకి అప్పుడు రెండేళ్ళు. ఆవిడ మాటలు ఇంటికెళ్ళేదాకా మనసులో అనుకుంటూ వెళ్ళాను.

*

మా ఊళ్ళో ఇంటింటికీ నుయ్యి ఉంది. రొయ్యల చెరువులు వచ్చాక ఏ నూతి నీరూ నోట పెట్టుకునేలా లేదు. కందిపప్పు ఉడకదు. టీలో పాలు విరుగుతాయి. ఆ నీళ్ళతో స్నానం చేయిస్తే లిఖితకి మెడ చుట్టూ పేలిపోయేది. తాగడానికి బండి మీద వచ్చే టిన్నుల నీళ్ళే.

పక్కింటి నూకరత్నం వదిన ఒకరోజు మధ్యాహ్నం నేను డ్యూటీ దిగి వస్తుంటే గోడ మీంచి కేకేసింది.

"ఏమే సత్తేణీ, ఉప్పునీళ్ళు మంచినీళ్ళు చేసేత్తన్నారంట కదే మీ షెడ్డులో?"

"తాగే నీళ్ళు కాదొదినా. మళ్ళీ గ్యాసు బావిలోకే తోసేత్తారు."

"గ్యాసు బావికేమో ఆ వైభోగం. మనకేమో ఈ ఖర్మ. చెంచాడు తోడు పట్టుకురా."

"బయటికి తేకూడదంట."

"నేను వజ్రాలు అడిగేనా? తోడు అడిగేను. తోడు అడిగితే లేదంటావేంటే? మీయమ్మ ఏనాడైనా అందా ఆ మాట?"

మా వైపు బియ్యం లేవనొచ్చు, నూనె నిండుకుందనొచ్చు. పాడి ఉన్న ఇంట్లో తోడు లేదన్న మాట నోటంట రాకూడదు. దీపాలు పెట్టాక మాత్రం ఎవరూ ఇవ్వరు. పగటి పూట గడపలో నిలబడి ఎవరడిగినా, పేరు తెలియని మనిషైనా సరే, గిన్నెలోంచి చెంచాడు తీసి పెడతారు. తీసుకున్నవాళ్ళు ఇంకొకరికి పెడతారు. నా చిన్నప్పుడు మా వీధి పెరుగంతా ఒకే రుచి ఉండేది.

తప్పంతా నూకరత్నం వదిన మీదకి తోసెయ్యడం అన్యాయం. లిఖిత మెడ కూడా నాకు కనబడుతూనే ఉంది. పెరుగన్నం తెచ్చుకునే గిన్నెలో అడుగున చెంచాడు వేసుకుని, చేతులు మాత్రం పచ్చబిళ్ళ నీళ్ళతో శుభ్రంగా కడుక్కుని బయటికొచ్చాను. సగం ఆవిడ నూతిలో, సగం మా నూతిలో.

నీరు గులాబీగా మారలేదు. నూతిలో ఉప్పు తొట్టెల్లో ఉన్నంత ఉండదు కదా. రెండు రోజులు కొంచెం మసకబారి తేటపడింది. పదో రోజున మా అత్తయ్య టీ పెట్టి, గిన్నెలోకి అలా చూస్తూ నిలబడిపోయింది. పాలు విరగలేదు.

"ఇదేంటే అమ్మాయ్! మన నుయ్యేనా?"

ఆవిడ నీళ్ళు పట్టుకుని వీధి వీధంతా తిప్పి తాగించింది. ఆ నూతి నీరే ఇప్పుడు తోడు. చెంబుడు కావాలని ఎవరు అడిగినా నూకరత్నం వదిన లేదనలేదు. నేనూ అనలేదు. కార్తీకం వచ్చేసరికి టిన్నుల బండి మా ఊరు రావడం మానేసింది.

*

లిఖిత నా మెడ నాకడం మార్గశిరంలో మొదలైంది.

పని నుంచి రాగానే ఎత్తుకుంటే, చెమట పట్టిన మెడ మీద నాలిక పెట్టి లేగదూడలా నాకేది. అత్తయ్యా నేనూ పగలబడి నవ్వాం. తరవాత ఉప్పుజాడీ దగ్గర కూర్చోవడం నేర్చింది. తిడితే ఏడ్చేది, ఏడ్చి ఆ కన్నీళ్ళు నాలికతో అందుకునేది. అప్పటికీ నవ్వాను, కానీ ఆ రాత్రి ఉప్పుజాడీ పై అరలో పెట్టేశాను.

వారం తిరిగేసరికి ఎప్పుడూ మగతే. నడిచే పిల్ల పాకడం మొదలెట్టింది. ఒక పొద్దున అన్నం పెడుతుంటే కళ్ళు తేలేసి చేతులు కొట్టుకుంది. మా ఆయన ట్యాంకరు మీదే మమ్మల్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

"ఒంట్లో ఉప్పు బాగా తగ్గిపోయిందమ్మా," అన్నాడు డాక్టరు. ఓపికున్న మనిషి. "విరేచనాలు అయ్యాయా?"

"లేదండి."

ఆయన సెలైన్ పెట్టించాడు. గంటలో పిల్ల కళ్ళు తెరిచి "నానా" అంది. ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నానికి ముందుకంటే మగతగా పడిపోయింది. మళ్ళీ ఉప్పు ఎక్కించారు. మళ్ళీ గంట తెలివి, మళ్ళీ అంతకంటే లోతు మగత. రక్తపరీక్ష కాయితం చూసి డాక్టరు నొసలు రుద్దుకున్నాడు. "ఎక్కించిందంతా ఎక్కడికి పోతోంది?" అని నర్సునడిగాడు.

ఎదురు మంచం మీద మా ఊరి పిల్లే, నూకరత్నం వదిన మనవరాలు, పది నెలలది. అదీ అంతే.

సాయంత్రం నాలుగింటికి లిఖిత గుడ్డ మార్చాను. గుడ్డ మీద మరక ఉంది. లేత గులాబీ రంగు. ఆ రంగుని నేను రోజుకి పన్నెండు తొట్టెల్లో చూస్తాను. ముట్టుకుంటే తెలిసిపోయింది, జిడ్డుగా, గోరువెచ్చగా. చక్కగా అందుకున్న తోడు.

మేం పిల్లకి పెడుతున్న ఉప్పంతా అది తింటోంది.

మా ఆయన్ని వరండాలోకి పిలిచి చెప్పాను.

"డాక్టరుకి చెప్తాను," అన్నాను.

"చెప్పి? దొంగతనం కేసవుద్ది. నీ పని పోద్ది, నా బండి పోద్ది. ఊరోళ్ళు మనల్ని బతకనిత్తారా? ఆ మరక అదో కాదో నీకేటి తెలుసు, నువ్వేవన్నా డాక్టరువా?"

"డాక్టరుని కాదు. దాన్ని తోడెట్టేదాన్ని."

"రేపు పొద్దున దాకా చూద్దామే. తగ్గుద్దేమో."

"పొద్దున దాకా ఉప్పు ఎక్కిత్తానే ఉంటారండి."

ఆయన గోడకి ఆనుకుని మొహం తిప్పుకున్నారు. నేను లోపలికెళ్ళాను. డాక్టరు ఎదుట నిలబడి, గుడ్డ బల్ల మీద పరిచి, మొదట్నుంచీ చెప్పాను. మధ్యలో ఒక్కసారే ఆపాడు. "దాన్ని చంపే మందు ఏదైనా ఉందా?" అని.

"పచ్చబిళ్ళ అండి. పేరు తెలీదు. మా మేడంకి తెలుసు."

ఫోన్ చేస్తే మేడం పూర్తిగా వినలేదు. "పిల్లకి పాలిస్తున్నావా ఇంకా?" అన్నారు.

"ఇత్తన్నానండి."

"పాలు కడుపులో పులుపుని తగ్గించేస్తాయి. మేం చూసిన ఎలకలన్నీ పాలు మానేసిన పెద్దవి," అన్నారు. ఆ గొంతు నాకు చెబుతున్నట్టు లేదు. ముప్పావు గంటలో ఆసుపత్రిలో ఉన్నారు, కాళ్ళకి షెడ్డు బూట్లతోనే.

ఆవిడ తెచ్చిన పచ్చబిళ్ళలో ఎనిమిదో వంతు నూరి, తేనెలో రంగరించి నాలిక మీద రాశారు. ఎదురు మంచం పిల్లకీ రాశారు. ఆ తరవాత పెట్టిన సెలైన్ ఒంట్లో నిలిచింది. రెండో రోజు పొద్దున్న లిఖిత పాలకేడ్చింది. ఏడుపు అంత చక్కగా ఉంటుందని అంతకు ముందు నాకు తెలీదు.

కానీ జబ్బుకి ముందు దానికి ముప్పై మాటలు వచ్చు, నేను లెక్క పెట్టుకునేదాన్ని. ఇంటికొచ్చాక చూస్తే తొమ్మిది మిగిలాయి. కాకిని చూపించి పేరడిగితే నా మొహంలోకి చూసేది. నూకరత్నం వదిన మనవరాలి కుడి కాలు ఇంకా నేల మీద సరిగ్గా ఆనడం లేదు.

*

"ఉప్పు అయిపోతే చచ్చిపోతుందన్నాను," అన్నారు మేడం మా నూతి గట్టు మీద కూర్చుని. "రొయ్యల చెరువుల నుంచి ఊటలో రోజూ ఉప్పు దిగుతూనే ఉంటుందని ఆలోచించలేదు. దానికి రోజూ భోజనం పెట్టింది మీ ఊరి భూమే. నేను షెడ్డు గోడల దాకానే చూశాను."

"తెచ్చింది నేను కదండి."

"నువ్వు అడిగావు కదా, బయట పడితే ఏమవుతుందని. ఏమీ కాదని చెప్పింది నేను."

ఇక తేలాల్సింది, అది ఎన్ని నూతుల్లో ఉందన్నది. బడి వరండాలో ఊరి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టారు. నేను నా నోటితోనే చెప్పాను. తిట్టారు. ఎవరో చీపురు విసిరారు. మేడం అడ్డొచ్చి, "తిట్టడం తరవాత. ముందు ఎవరు ఎవరికిచ్చారో చెప్పండి. చిన్నపిల్లలున్న ఇళ్ళు ముందు," అన్నారు.

నేను నూకరత్నం వదిన పేరు చెప్పాను. ఆవిడ లేచి ముగ్గురి పేర్లు చెప్పింది. ఆ ముగ్గురూ లేచి చెప్పారు. ఒకావిడ కూతురి అత్తారింటికి పంపింది. ఒకావిడ పూజారి గారింట్లో ఇచ్చింది. పదహారు నూతులు లెక్కకొచ్చాయి. పచ్చబిళ్ళలు తెచ్చి అన్నిటిలోనూ కరిగించాం. మా నూతిలో నేనే పోశాను. అత్తయ్య తలుపేసుకుని లోపలుంది.

నాలుగు రోజులకి ఉప్పు తిరిగొచ్చింది. టిన్నుల బండీ వచ్చింది. నూకరత్నం వదిన గోడ అవతల్నుంచి, నాతో కాకుండా గేదెతో అన్నట్టు, "నీళ్ళిచ్చినట్టే ఇచ్చి లాగేసుకున్నారే తల్లీ, పెద్ద దొరసానులు," అంది. కాసేపటికి తనే పిల్ల కాలికి నూనె పట్టించడానికి నన్ను పిలిచింది.

షెడ్డు మూసేశారు. మేడంని విచారణ పేరుతో పక్కన పెట్టారు. నా మీద కేసు పెట్టాలా వద్దా అని కంపెనీ ఇంకా ఆలోచిస్తోంది. తిరుగునీరు మళ్ళీ నల్ల పట్టా గుంటల్లోకి వెళ్తోంది. మా ఆయన దాన్నే తోలుతున్నారు. మబ్బు పట్టినప్పుడల్లా ఊరు గుంటల కేసి చూస్తుంది. అదింకా ఎవరికీ తేలలేదు, ఆ నీరు ఎక్కడ పొయ్యాలో.

ఇంతా అయ్యాక సంక్రాంతి ముందు నూకరత్నం వదిన మా గుమ్మంలోకొచ్చి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది.

"సత్తేణీ, ఇంకోటి ఉందే. బస్సులో ఇచ్చేను."

"ఎవరికి?"

"పక్క సీట్లో కూర్చుంది. మా నూతిలో ఉప్పొదినా అని ఏడుత్తా ఉంది. లెక్కలో చెప్పిన మా చెల్లికనే సీసాలో పట్టుకెళ్తన్నాను, అందులోంచి సగం పోసేను. పేరడగలేదే. తోడుకి పేరెవరు అడుగుతారు?"

"ఎక్కడ దిగింది?"

"నేను ముందే దిగిపోయేను. అది సముద్రం రోడ్డు బస్సు."

సముద్రం రోడ్డు మీద నలభై ఊళ్ళు.

మేడంకి స్కూటీ ఉంది. ఆవిడ కంపెనీకి రాశారు, ఆఫీసుల్లో చెప్పారు, చాటింపు వేయిస్తామన్నారు. మేం చాటింపు కోసం ఆగలేదు. లిఖితని అత్తయ్య దగ్గర వదిలి, పచ్చబిళ్ళలు సంచిలో వేసుకుని పొద్దున్నే బయల్దేరేవాళ్ళం. ఊరి మొదట్లో ఆగి, ఏదో ఒక ఇంటి ముందు "దాహం అమ్మా" అనేదాన్ని. చెంబుతో ఇచ్చేవారు. నోట్లో పోసుకోగానే ఉప్పు తగిలితే నా భుజాలు కిందికి దిగేవి. ఇంకో ఇల్లు, ఇంకో వీధి.

"ఉప్పుగా ఉన్నాయా?" అని ప్రతి ఇంటి దగ్గరా మేడం స్కూటీ మీంచే అడిగేవారు.

"ఉన్నాయండి!"

మంచినీళ్ళ కోసం మొక్కులు మొక్కిన దాన్ని, ఊరూరా ఉప్పు కోసం దణ్ణం పెట్టుకున్నాను. ఇచ్చేవాళ్ళు పాపం సిగ్గుపడేవారు, మా నీళ్ళింతేనమ్మా అని. ఎంత బాగున్నాయో అని గుటకేసేదాన్ని. ఒకావిడ నాకు మతి చలించిందనుకుని మజ్జిగ కలిపిచ్చింది.

ఇరవై ఆరో ఊరు. సముద్రం హోరు వినబడుతోంది. సరుగుడు తోపు పక్కన పెంకుటిల్లు, అరుగు మీద వలకి ముడులేస్తూ ఒక పెద్దావిడ. మేడం స్కూటీకి స్టాండు వేస్తున్నారు. నేను దాహం అడిగాను. ఆవిడ లోపలికెళ్ళలేదు, నూతి దగ్గరికెళ్ళి అప్పటికప్పుడు తోడి, చెంబు నిండా తెచ్చిచ్చి, నా మొహంలోకే చూస్తూ నిలబడింది.

తాగాను. చల్లగా ఉన్నాయి. కొబ్బరినీళ్ళలా ఉన్నాయి.

"ఎలాగున్నాయమ్మా మా నీళ్ళు?" అంది ఆవిడ, నవ్వు ఆపుకోలేక. "ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేవులే. మా కోడలు తెచ్చింది ఏదో మందు. దాని చెయ్యి మంచిది."

"కోడలు లేరాండి?"

"వలలమ్మడానికెళ్ళింది. నేనూ చంటిదీ ఉన్నాం."

చెంబు అరుగు మీద పెట్టాను. "పాప ఏదండి?"

"లోపల నిద్రపోతంది. ఆరు నెలల పిల్లమ్మా, బంగారు తల్లి. ఈ వారం రోజుల్నుంచీ అస్సలు ఏడుపే లేదు. ఎంతసేపైనా నిద్రే."

మేడం గేటు దగ్గరే ఆగిపోయారు. నేను అప్పటికే చెప్పులు విడిచి గడప దాటాను.

"లేపండమ్మా," అన్నాను. "ముందు పిల్లని లేపండి."